మద్రాసు వేధశాల, మన ఫిరంగిపురం పక్కగా పోయే మధ్యాహ్న రేఖ

బ్రాడీపేట_లెక్కలు:
బళ్లో రేఖాంశాల పాఠం గ్రీనిచ్ దగ్గర మొదలై మీర్జాపూర్ దగ్గర అయిపోతుంది. కానీ నూరేళ్లకు పైగా ఈ దేశపు పటాలకూ, తర్వాత రైలు గడియారాలకూ లెక్క మొదలైన చోటు మద్రాసు నుంగంబాక్కంలో ఉంది. ఆ మాట మన పాఠ్యపుస్తకాల్లో ఒక్క ముక్క కనపడదు, నాకు అదే బాధ. అక్కడ 18 అడుగుల గ్రానైటు స్తంభం ఒకటి ఇప్పటికీ నిలబడి ఉంది. బరువు సుమారు 10 టన్నులు. దాని మీద 1792 అని చెక్కి ఉంటుంది, తమిళంతో పాటు తెలుగులో కూడా శాసనం ఉంది. ఆ స్తంభం నుంచి సూటిగా ఉత్తరానికి గీత గీస్తే అది మన జిల్లాలోకి వచ్చి ఫిరంగిపురం పక్కగా పోతుంది. స్తంభం రేఖాంశం దాదాపు 80 డిగ్రీల 15 నిమిషాలు, ఫిరంగిపురానిది దానికి ఒక నిమిషం తేడా. గుంటూరు ఆ గీతకు 20 కిలోమీటర్ల తూర్పున ఉంది, అంతే.

కథ టూకీగా. 1786లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి విలియం పెట్రీ ఎగ్మోరులో సొంత డబ్బుతో చిన్న వేధశాల, అంటే ఆకాశాన్ని పరిశీలించే చోటు, పెట్టుకున్నాడు. మూడంగుళాల టెలిస్కోపులు రెండు, షెల్టన్ చేసిన గడియారాలు, ఒక ట్రాన్సిట్ టెలిస్కోపు, ఇవీ అతని సామాను. తర్వాత వాటిని కంపెనీకి ఇచ్చేశాడు. మైకేల్ టాపింగ్ అనే సర్వేయరు పట్టుబట్టి నుంగంబాక్కంలో 1792 నాటికి భవనం కట్టించాడు. స్తంభం మీద ఉన్న పేరు అతనిదే. ఇక్కడి సభ్యుల్లో సర్వే, రైల్వే, పంచాంగం తెలిసినవాళ్లు ఉన్నారు కదా, మీకు తెలిసింది రాయండి. పిల్లలకు చెప్పడానికి నాకు పనికొస్తుంది.

పటమట_రైలు:
మాస్టారూ, రైలు సంగతి నేను చెప్తాను. రైళ్లు వచ్చిన కొత్తలో ఏ ఊరి టైము ఆ ఊరిదే, సూర్యుడు నడినెత్తికొస్తే పన్నెండు. అలా రైలు నడపడం కుదరదు. బొంబాయి టైము గ్రీనిచ్ కంటే 4 గంటల 51 నిమిషాలు ముందు, కలకత్తాది 5 గంటల 53 నిమిషాల పైన, మద్రాసుది 5 గంటల 21 నిమిషాలు. మద్రాసు ఆ రెండింటికీ దాదాపు నడిమధ్యన పడింది, పైగా అక్కడ వేధశాల ఉంది, నక్షత్రాలను చూసి సరిచేసిన టైమును తంతి మీద పంపగలదు. అందుకే దేశమంతా రైళ్లకు మద్రాసు టైము పెట్టారు. బెజవాడ నుంచి మద్రాసుకు నేరుగా లైను పడింది 1899లో. అంటే మన స్టేషన్లో మొదటి మద్రాసు బండి మద్రాసు టైము ప్రకారమే కదిలింది. 1906 జనవరి 1న 82న్నర డిగ్రీల రేఖాంశంతో ఇప్పటి ఐఎస్‌టీ (భారత ప్రామాణిక కాలం) వచ్చింది, అప్పుడు మద్రాసు గడియారాలను దాదాపు తొమ్మిది నిమిషాలు ముందుకు జరిపారు. కలకత్తా మాత్రం 1948 దాకా, బొంబాయి 1955 దాకా తమ టైము వదల్లేదు.

కృష్ణలంక_కిరణ్:
ఒక డౌటు. టెలిస్కోపు నిలబెట్టడానికి పది టన్నుల రాయి ఎందుకండీ? మూడు కాళ్ల స్టాండు సరిపోదా?

గొలుసుకొలత:
సరిపోదు బాబూ. నేను సర్వే శాఖలో చేసి రిటైరయ్యాను, ఈ రాయి విషయం నాకు చాలా ఇష్టమైన విషయం, కాస్త పొడుగ్గా రాస్తాను.

ట్రాన్సిట్ టెలిస్కోపు అన్ని వైపులకూ తిరగదు. తూర్పు పడమరలుగా ఒక ఇరుసు, దాని మీద గొట్టం. అది ఉత్తరం నుంచి నడినెత్తి మీదుగా దక్షిణానికి మాత్రమే ఊగుతుంది. అంటే దాని చూపు ఎప్పుడూ ఒకే గీత మీద ఉంటుంది, అదే ఆ చోటి మధ్యాహ్న రేఖ. కంటి దగ్గర అద్దంలో సన్నని దారాలు నిలువుగా కట్టి ఉంటాయి. ఫలానా నక్షత్రం గీత దాటే సమయం ముందే లెక్కగట్టి ఉంటుంది. మనిషి పక్కనున్న గడియారం టిక్కుటిక్కులు చెవితో లెక్కపెట్టుకుంటూ, కంటితో నక్షత్రం ఒక్కో దారం దాటడం చూస్తూ, సెకనులో పదో వంతు దాకా అంచనా వేసి రాసుకుంటాడు. గడియారం ఎంత తప్పుతోందో దాన్ని బట్టి తెలుస్తుంది. అందరి గడియారాలనూ దిద్దే గడియారాన్ని దిద్దేది నక్షత్రం.

ఇప్పుడు రాయి ఎందుకో చూడు. సెకను తప్పితే రేఖాంశంలో 15 వికలలు తప్పుతుంది (డిగ్రీలో 3600వ వంతు ఒక వికల). మన అక్షాంశం దగ్గర అది నేల మీద దాదాపు 445 మీటర్లు. ఇరుసు వెంట్రుకవాసి పక్కకు ఒరిగితే చాలు, ఊరు ఫర్లాంగుల కొద్దీ జరిగిపోతుంది. గోడకు బిగిస్తే గోడ ఎండకు వ్యాకోచిస్తుంది, నేల మీద పెడితే మనిషి అడుగు వేసినప్పుడల్లా అదురుతుంది. అందుకని గదితో, గచ్చుతో ఏ సంబంధమూ లేకుండా, తన పునాది మీద తాను నిలిచే రాతి స్తంభం కావాలి. భవనం ఎప్పుడో పోయింది, స్తంభం పోలేదు. కట్టినవాడికి తన పని బాగా తెలుసు.

బ్రాడీపేట_లెక్కలు:
గొలుసుకొలత గారూ, చాలా బాగా చెప్పారు. దీనికి ఒకటి కలుపుతాను. స్థానిక టైము నక్షత్రం చెప్తుంది సరే, మరి గ్రీనిచ్ నుంచి ఎంత దూరమో ఎలా తెలిసింది? అప్పుడు తంతి లేదు, రేడియో లేదు. గురుగ్రహం ఉపగ్రహాలు దాని నీడలోకి దూరి మాయమవుతుంటాయి. ఆ క్షణం గ్రీనిచ్‌లో ఎన్ని గంటలకు వస్తుందో పట్టికల్లో ఉంటుంది. మద్రాసులో అదే గ్రహణం చూసి మద్రాసు టైము రాసుకుంటే తేడాయే రేఖాంశం, గంటకు 15 డిగ్రీలు. మొదటి అధికారిక ఖగోళజ్ఞుడు జాన్ గోల్డింగ్‌హామ్ ఏళ్ల తరబడి ఇదే పని చేశాడు. 1870ల్లో తంతి మీద గడియారాలు పోల్చే పద్ధతి వచ్చాకే అంకె బాగా కుదురుకుంది.

గొలుసుకొలత:
ఆ అంకె కుదురుకోవడం ఆలస్యమైనందువల్ల మా శాఖకు వచ్చిన చిక్కు చెప్తాను. 1802 ఏప్రిల్‌లో లాంబ్టన్ అనే సర్వేయరు మద్రాసు పరంగిమల దగ్గర గొలుసుతో ఏడున్నర మైళ్ల ఆధార రేఖ కొలవడంతో మహా త్రికోణమితి సర్వే మొదలైంది. త్రికోణాల నుంచి త్రికోణాలు అల్లుకుంటూ హిమాలయాల దాకా వెళ్లారు. దూరాలూ కోణాలూ కొలిచారు కానీ, ఏ రేఖాంశం నుంచి లెక్క మొదలుపెట్టాలి? మద్రాసు వేధశాల రేఖాంశం నుంచే. ఆ మొదటి అంకె అసలు కంటే సుమారు రెండున్నర నిమిషాలు ఎక్కువ (గడియారం నిమిషాలు కాదు, డిగ్రీలో 60వ వంతులు). దాంతో పాత పటాల్లో దేశం మొత్తం ఒక్క ముక్కగా తూర్పుకు జరిగింది. మన దగ్గర అది నాలుగు కిలోమీటర్ల పైమాటే. ఊరికీ ఊరికీ మధ్య దూరాలు అన్నీ సరైనవే, అందుకే పొలం కొలిచేవాడికి తేడా తెలియదు. పటం అంచున ఉన్న రేఖాంశం అంకెలే తప్పు. పాత పటాలను కొత్తవాటితో కలిపి చూసే కుర్రాళ్లకు ఈ మాట తప్పకుండా చెప్తాను, లేకపోతే చెరువు ఒక చోట, దాని కట్ట ఇంకో చోట కనపడి తలపట్టుకుంటారు.

సత్యనారాయణపురం_శాస్త్రి:
అంతా బాగుంది గానీ ఒక విషయం నాకు మింగుడు పడటం లేదు. ఆసియాలో గణితశాస్త్రాలను బ్రిటిష్ వారి ఔదార్యం తొలిసారి నాటిన కాలం వెయ్యేళ్ల తర్వాతి వాళ్లకు కూడా తెలియాలని ఆ స్తంభం మీద శాసనం వేయించారట. తొలిసారి అనడం అన్యాయం. మన పాత ఖగోళ గ్రంథం సూర్యసిద్ధాంతంలోనే మధ్యరేఖ ఉంది. లంక, అవంతి అంటే ఉజ్జయిని, కురుక్షేత్రం మీదుగా పోయే గీత. ఆ గీత నుంచి మన ఊరు ఎంత తూర్పుకో పడమరకో ఉంటే అంత దేశాంతర సంస్కారం, అంటే లెక్కలో దిద్దుబాటు, చేయాలి. ఈ రోజుకీ పంచాంగం గుణించేవాడు చేసే మొదటి పనుల్లో అదొకటి. బెజవాడ ఉజ్జయినికి దాదాపు 4 డిగ్రీల 50 నిమిషాల తూర్పున ఉంది, అంటే సుమారు 48 విఘడియలు (విఘడియ అంటే 24 సెకన్లు). ఇక యంత్రాలంటారా, ఉజ్జయినిలో జైసింగ్ 18వ శతాబ్దంలో కట్టించిన దక్షిణోత్తర భిత్తి యంత్రం ఏమిటి? ఉత్తర దక్షిణాలుగా నిలిపిన గోడ, సూర్యుడు మధ్యాహ్న రేఖ దాటేటప్పుడు ఎంత ఎత్తున ఉన్నాడో కొలిచే గోడ. మద్రాసు స్తంభం కంటే ముందుదే.

బ్రాడీపేట_లెక్కలు:
శాస్త్రి గారూ, మీ మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. ఆ వాక్యం రాసినవాళ్ల గర్వమే తప్ప చరిత్ర కాదు. అలాగని స్తంభాన్ని వాళ్లకే వదిలేయకూడదు. ఎందుకంటే ఆ వేధశాలలో రాత్రిళ్లు కూర్చుని లెక్కలు రాసినవాళ్లలో చాలామంది మనవాళ్లే. చింతామణి రఘునాథాచారి పేరు మీకు తెలిసే ఉంటుంది. పద్దెనిమిదేళ్లు నిండీ నిండని వయసులో వేధశాలలో చేరి మొదటి అసిస్టెంటు దాకా వచ్చాడు. 1867లో ఆర్ రెటిక్యులీ అనే నక్షత్రం వెలుగు మారుతూ ఉంటుందని కనిపెట్టాడు. అలాంటి నక్షత్రాన్ని కనిపెట్టిన మొదటి భారతీయుడు ఆయనే. పంచాంగం దగ్గర ఆయన పట్టుదల ఇంకా గొప్పది. ఆకాశంలో కంటికి కనపడేదానికీ పంచాంగంలో అచ్చయ్యేదానికీ తేడా రాకూడదని దృగ్గణిత పంచాంగం వేశాడు. 1874లో శుక్రుడు సూర్యబింబం మీదుగా నడిచినప్పుడు మామూలు జనానికి అర్థమయ్యేలా దేశభాషల్లో చిన్న పుస్తకం తెచ్చాడు. మీరు చెప్పిన దేశాంతరమూ, గొలుసుకొలత గారు చెప్పిన ట్రాన్సిట్ టెలిస్కోపూ ఒకే మనిషి బల్ల మీద కలిశాయి.

సత్యనారాయణపురం_శాస్త్రి:
ఆయన పేరు మా నాన్నగారి నోట విన్నాను. దృక్కు పక్షం వాళ్లు ఆయన్ను తలుచుకోకుండా మాట్లాడరు. ఆ స్తంభం మీద ఆయన పేరు కూడా ఉండవలసింది.

అరండల్‌పేట_సుధ:
మాస్టారూ, 1868 గ్రహణం సంగతి ఎవరూ ఎత్తలేదేం? హీలియం పుట్టింది మన గుంటూరులోనే అని అందరూ చెప్పుకుంటారు. అది ఈ వేధశాల కథలో భాగం కాదా?

బందరు_వాసి:
ముమ్మాటికీ భాగమే అమ్మా. 1868 ఆగస్టు 18 ఉదయం సంపూర్ణ సూర్యగ్రహణం. నీడ మన కోస్తా మీదుగా పోయింది. మద్రాసు వేధశాల అధిపతి నార్మన్ పోగ్‌సన్ మా మచిలీపట్నంలో దిగాడు. అంతకు ముందు కొన్నాళ్లు అదే వేధశాల నడిపిన టెన్నెంట్ గుంటూరులో మకాం వేశాడు. ఫ్రాన్సు నుంచి వచ్చిన జాన్సెన్ కూడా గుంటూరునే ఎంచుకుని ఒక ఫ్రెంచి వ్యాపారి ఇంటి పైఅంతస్తులో పరికరాలు పెట్టుకున్నాడు. రఘునాథాచారి నిజాం రాజ్యంలోని వనపర్తి నుంచి చూశాడు. ఇంతమంది ఇన్ని చోట్ల సరిగ్గా నీడ పడే దారిలో నిలబడగలిగారంటే ఆ ఊళ్ల అక్షాంశ రేఖాంశాలు ముందే తెలుసుండాలి కదా. అవి వచ్చింది ఆ సర్వే నుంచి, సర్వే లెక్క మొదలైంది ఆ స్తంభం నుంచి.

ఇంకొకటి. స్తంభం మీద పేరున్న టాపింగ్ చనిపోయింది మా మచిలీపట్నంలోనే, 1796లో. కృష్ణా గోదావరి నీళ్లను పొలాలకు ఎలా మళ్లించాలో కొలతలు తీస్తూ ఈ డెల్టాలో తిరిగాడు. కాటన్ ఆనకట్టలకు యాభై ఏళ్ల ముందు మాట. 1794లో అతను మద్రాసులో పెట్టించిన సర్వే బడే పెరిగి పెరిగి గిండీ ఇంజినీరింగ్ కాలేజీ అయింది. కాటన్ దొరకు ఊరూరా విగ్రహం ఉంది, టాపింగ్ పేరు మా ఊళ్లోనే ఎవరికీ తెలియదు.

పటమట_రైలు:
హీలియం గుంటూరులో కనిపెట్టారనే మాట పూర్తిగా నిజమేనా? నేను చదివినదాంట్లో లాకియర్ అనే ఇంగ్లీషు ఖగోళజ్ఞుడి పేరు కూడా ఉంది.

బ్రాడీపేట_లెక్కలు:
ఊరి మీద ప్రేమ ఉన్నా ఇది సరిగ్గానే చెప్పుకుందాం. జాన్సెన్ గుంటూరులో చూసింది సూర్యుడి అంచున లేచే ఎర్రటి జ్వాలలు. వాటి కాంతిని స్పెక్ట్రోస్కోపులో విడదీస్తే మెరిసే గీతలు వచ్చాయి, అంటే అవి వేడికి వెలిగే వాయువులు. గీతలు ఎంత కాంతివంతంగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా ఇవి కనపడాలి కదా అని అతనికి తట్టింది. మర్నాడు, ఆగస్టు 19 ఉదయం, మామూలు ఎండలో, అదే గుంటూరులో చూశాడు, కనపడ్డాయి. ఆ తర్వాత రెండు వారాలకు పైగా రోజూ చూశాడు. అప్పటిదాకా జ్వాలలు చూడాలంటే గ్రహణం కోసం దేశాలు పట్టుకు తిరగాలి, అది కూడా కొన్ని నిమిషాలు. ఆ అవసరం గుంటూరులో తీరిపోయింది. నా దృష్టిలో ఇదే అసలైన గొప్ప.

లాకియర్ ఇంగ్లండులో గ్రహణం ఊసే లేకుండా అక్టోబరు 20న అదే పద్ధతి సాధించాడు. ఇద్దరి ఉత్తరాలూ పారిస్ అకాడమీకి ఒకే రోజు అందాయి, అందుకే ఇద్దరి ముఖాలతో ఒకే పతకం వేశారు. ఇక ఆ మెరిసే గీతల్లో పసుపు గీత, హీలియందని తర్వాత తేలింది అదే. 1868లో చూసినవాళ్లలో చాలామంది అది సోడియం ఇచ్చే పసుపు గీతే, డి గీత అంటారు దాన్ని, అనుకున్నారు. డి గీత మీదో దాని దగ్గరో అని పోగ్‌సన్ మచిలీపట్నం నుంచి రాశాడు. అది సోడియం కాదు, భూమ్మీద తెలియని మూలకం అని వాదించింది లాకియర్. భూమి మీద హీలియం చేతికి చిక్కింది 1895లో రామ్సే ప్రయోగశాలలో. కాబట్టి సుధ గారూ, హీలియం కథలో గుంటూరు మొదటి అధ్యాయం అనండి, ఎవరూ కాదనలేరు.

అరండల్‌పేట_సుధ:
ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదండీ. జాన్సెన్ పరికరాలు పెట్టుకున్న ఆ ఇల్లు ఉన్న చోట చిన్న రాయి పాతి నాలుగు ముక్కలు రాయించినా బాగుండేది. ఊరికి ఎవరు వచ్చినా కారం, శనగచట్నీ అంటాం కానీ ఇది చెప్పం.

డాబాగార్డెన్స్_మూర్తి:
విశాఖ నుంచి రాస్తున్నాను, మా వాటా కూడా రాసుకోండి. మద్రాసు వేధశాలలో గోల్డింగ్‌హామ్ తర్వాత వచ్చిన టేలర్ 11 వేల పైచిలుకు నక్షత్రాలతో పెద్ద పట్టిక వేశాడు. ఆయన దగ్గర ఖగోళం నేర్చుకున్నవాడు మా గోడే వెంకట జగ్గారావు. జమీందారీ కుటుంబం, కావాలంటే కూర్చుని తినొచ్చు. అలా చేయకుండా 1840 ప్రాంతంలో డాబాగార్డెన్స్‌లో సొంత వేధశాల పెట్టాడు. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని నడిపి, 1868 గ్రహణం, 1874 శుక్ర సంక్రమణం రెండూ చూశాడు. డాల్ఫిన్స్ నోస్ కొండ మీద జెండా గుర్తుతో ఓడలకు రోజూ సరైన టైము చూపించే ఏర్పాటు కూడా ఆ కుటుంబానిదే.

కృష్ణలంక_కిరణ్:
ఇప్పటి ఐఎస్‌టీ గీత కాకినాడ మీదుగా పోతుందని పోటీ పరీక్షల పుస్తకాల్లో ఉంటుంది. అది కరెక్టేనా గొలుసుకొలత గారూ?

గొలుసుకొలత:
పరీక్షలో కాకినాడ అనే రాయి, మార్కు పోగొట్టుకోకు. నిజానికి కాకినాడ 82 డిగ్రీల 15 నిమిషాల దగ్గర ఉంది. గీత అక్కడికి పాతిక కిలోమీటర్ల పైన తూర్పుగా, సముద్రంలో ఉంటుంది. ఒడ్డెక్కేది తుని వైపు.

ఇంకో సంగతి. గ్రీనిచ్‌లో పాత టెలిస్కోపు గీత మీద ఫోను పెట్టి రేఖాంశం చూస్తే సున్నా చూపించదు. ఉపగ్రహాల లెక్కలో సున్నా గీత 102 మీటర్లు తూర్పున ఉంది. పాతవాళ్లు పాదరసం పళ్లెంతో, మట్టంతో నిలువు పట్టుకునేవాళ్లు, ఆ నిలువు నేల కింది బరువుల వల్ల కొంచెం ఒరుగుతుంది. ఉపగ్రహాలు భూమి కేంద్రం నుంచి లెక్క కడతాయి. నుంగంబాక్కం స్తంభం దగ్గర కూడా పాత లెక్కకీ ఫోనుకీ పూర్తిగా పొంతన కుదరకపోతే రాతిని తప్పుపట్టొద్దు.

కృష్ణలంక_కిరణ్:
స్తంభం చూడాలంటే ఎక్కడికి వెళ్లాలి? టెలిస్కోపులు కూడా అక్కడే ఉన్నాయా?

బ్రాడీపేట_లెక్కలు:
స్తంభం చెన్నై కాలేజీ రోడ్డులో వాతావరణ కేంద్రం ఆవరణలో ఉంది. ఆఫీసు కాబట్టి ముందే అడిగి వెళ్లాలి. ఖగోళ పరిశోధన 1899లో కొడైకెనాల్‌కు మారింది, అక్కడ సూర్యుణ్ణి చూడటానికి ఆకాశం మేలు. షెల్టన్ గడియారం కూడా కొండ ఎక్కింది, అక్కడ నడుస్తూనే ఉంది.

అరండల్‌పేట_సుధ:
చివరిగా ఒక సాయం. మా పిల్లల బడి డాబా మీద మన ఊరి మధ్యాహ్న రేఖ గీయించాలని ఉంది. పరికరాలేమీ లేవు. అవుతుందా? సూర్యుడు గీత మీదికి వచ్చే టైము గడియారంలో ఎంత ఉండాలి?

సత్యనారాయణపురం_శాస్త్రి:
శంకువు చాలు తల్లీ. చదునైన చోట నిలువుగా ఒక కడ్డీ పెట్టి దాని చుట్టూ వృత్తం గీయండి. పొద్దున నీడ కొస వృత్తంలోకి వచ్చే చోట ఒక గుర్తు, మధ్యాహ్నం దాటాక బయటికి పోయే చోట ఇంకో గుర్తు. రెండూ కలిపితే తూర్పు పడమర. దానికి లంబంగా కడ్డీ మీదుగా గీస్తే అదే మీ మధ్యాహ్న రేఖ. సూర్యసిద్ధాంతం కాలం నుంచి ఇదే పద్ధతి.

బ్రాడీపేట_లెక్కలు:
టైము నేను చెప్తాను. గుంటూరు ఐఎస్‌టీ గీతకు రెండు డిగ్రీల పైన పడమర, అందుకని సగటున 12 గంటల 8 నిమిషాల 15 సెకన్లకు సూర్యుడు గీత మీదికొస్తాడు. బెజవాడలో 45 సెకన్లు ముందు. కానీ ఇది సగటే. భూమి సూర్యుడి చుట్టూ ఒకే వేగంతో తిరగదు, పైగా ఇరుసు వాలి ఉంటుంది, కాబట్టి ఏడాది పొడుగునా ఈ టైము అటూ ఇటూ జరుగుతుంది. నవంబరు మొదటి వారంలో గుంటూరులో 11:52కే మధ్యాహ్నం అవుతుంది. ఫిబ్రవరి రెండో వారంలో 12:22 దాటుతుంది. రెండు నెలల్లోనూ పిల్లలతో గుర్తు పెట్టించండి, అరగంట తేడా వాళ్లే కనిపెడతారు. మే మొదటి వారం చివర్లో, ఆగస్టు మొదటి వారం చివర్లో సూర్యుడు మన నడినెత్తి మీదికే వస్తాడు, ఆ రోజుల్లో మధ్యాహ్నం కడ్డీకి నీడ ఉండదు. గీత గీయడానికి అప్పుడు పెట్టుకోకండి. డిసెంబరు, జనవరి మంచివి, నీడ పొడుగ్గా పడుతుంది, ఆకాశం కూడా తేటగా ఉంటుంది. కడ్డీ నిలువుగా ఉందో లేదో తాపీమేస్త్రీ దగ్గర తూకపుగుండు తెప్పించి చూసుకోండి. గీశాక ఫొటో ఇక్కడ పెట్టండి.

గొలుసుకొలత:
తూకపుగుండు నా దగ్గర ఉంది, పాత ఇత్తడిది. సుధ గారూ, తేదీ చెప్పండి, నేనే తెస్తాను.